చూస్తుంటే రాని తప్పు

ఇస్త్రీ చేసుకోవడానికి ఆయన నా మిషన్ ప్లగ్గు పీకేశాడు.

అత్తయ్యకి ఒళ్లు తుడిచి, తడి తువ్వాలు భుజాన వేసుకుని హాల్లోకి వచ్చేసరికి భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి చొక్కా కాలరు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బల్ల చివర నా ఆఫీసు కంప్యూటర్ మిషన్ గోడవైపుకి నెట్టేసి ఉంది. దాని వైరు కిందకి వేలాడుతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"ఏమైంది, అలా చూస్తావేంటి?" అన్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను కదండీ."

"పని చేస్తున్నప్పుడు ముట్టుకోవద్దన్నావు. అది పని చేయట్లేదుగా. తెరంతా నల్లగా పడుంది. ఊరికే ప్లగ్గు దండగ ఎందుకని తీశా." చొక్కా తిప్పి రెండో చెయ్యి పరిచాడు. "మళ్లీ పెట్టుకో. అయిపోయింది నాది."

అలా నల్లగా పడి ఉండటమే నాకు కావాల్సిందని ఎలా చెప్పను? వారంగా దాని కోసమే కాచుకుని ఉన్నాను. అత్తయ్యకి వేడినీళ్లు పెట్టడానికి వంటింట్లోకి వెళ్తూ చూశాను, తెర నల్లబడి ఉంది. కాసేపు చూశాను, కదల్లేదు. అప్పుడే కూర్చోవాల్సింది. కానీ పక్క తడిసిపోయిందని గదిలోంచి అత్తయ్య పిలుస్తూనే ఉంది. తుడిచి, పక్క మార్చి, ఒక్క పావుగంటలో వచ్చేద్దామనుకున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చేసిన తప్పులన్నీ ఆ 'ఒక్క పావుగంట'లోనే ఉన్నాయేమో.

నా ఉద్యోగం కంప్యూటర్లో అన్నిటికంటే అడుగున ఉండే కెర్నెల్ అనే భాగం మీద. మీట నొక్కగానే అందరికంటే ముందు లేచి, మిగతావాళ్లందర్నీ లేపేది అదే. లేచీ లేవగానే డిస్కుని వెతుక్కోవాలి, ఎందుకంటే మిగతా సామానంతా దాంట్లోనే ఉంటుంది. డిస్కుతో మాట్లాడే ముక్కని డ్రైవర్ అంటాం. కొత్త రకం డిస్కులు పెట్టిన మిషన్లలో, ఎప్పుడో ఒకసారి, ఆ డ్రైవర్ డిస్కుని పలకరించి జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోతోంది. ఆపి మళ్లీ వేస్తే మామూలుగా లేస్తుంది. అందుకని చాలామంది ఆపి, మళ్లీ వేసి, ఊరుకున్నారు. ఒకామె మాత్రం మాకు రాసింది. ఏదో ఆఫీసులో అందరికంటే ముందొచ్చి మిషన్లన్నీ ఆన్ చేసే ఆమె. 'రోజూ ఏదో ఒకటి లేవదు. నేను చెప్తే మావాళ్లు వచ్చి చూస్తారు. వాళ్లు చూస్తుంటే లేస్తుంది. నాకు స్విచ్ వేయడం కూడా రాదంటున్నారు. తప్పు నాదో మీదో కాస్త చెప్పండి' అని.

నేను తప్ప ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మా ఆఫీసులోనూ ఆ తప్పు ఎవరి కంటా పడలేదు మరి. మామూలుగా ఇలాంటివి పట్టుకోవడానికి మేం ప్రింట్లు పెడతాం. అంటే డ్రైవర్ చేత అడుగడుక్కీ 'ఇక్కడిదాకా వచ్చాను, ఇది అడిగాను' అని రాయిస్తాం. ప్రింట్లు పెడితే చాలు, తప్పు మాయం. ఎన్నిసార్లు వేసినా మిషన్ బుద్ధిగా లేస్తుంది. తీసేస్తే మళ్లీ ఎప్పుడో ఒకసారి నల్లబడుతుంది. ఇక మిగిలిన దారి ఒకటే. ఏ ప్రింట్లూ లేకుండా మిషన్ని దానంతటదే ఆగి, లేచి, ఆగి, లేచేలా పెట్టి, అది మొరాయించినప్పుడు పవర్ తీయకుండా, నా లాప్‌టాప్ నుంచి వైరు కలిపి లోపల ఏది ఎక్కడ ఆగిపోయిందో చదవాలి. పవర్ తీశామా, అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అలాంటిదాన్ని చొక్కా కోసం తీసేశాడు.

ఆయన్ని ఏమైనా అంటే ఏం వస్తుందో నాకు తెలుసు. అత్తయ్య తుంటి ఎముక విరిగి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆ మాట వచ్చింది. "నీది ఇంట్లోంచి చేసుకునే పనే కదా" అన్నాడు, ఇల్లు సగం నడిపే నా జీతాన్ని ఆ ఒక్క మాటతో కొట్టిపారేస్తూ. పొద్దున వచ్చే ఆయా మానేశాక ఇంకో మనిషిని వెతుకుదామంటే, "బయటివాళ్లు అమ్మని ముట్టుకుంటే నాకు నచ్చదు" అన్నాడు. తనూ ముట్టుకోడు. ఆఫీసు నుంచి మిషన్ని ఇంటికి మోసుకొచ్చి ఈ బల్ల మీద పెట్టుకున్న రోజున, "ఇంటికొచ్చిన కొత్త కోడలికి నా మంచం పక్కన కూర్చునే తీరిక లేదు కానీ ఆ పెట్టెకి మాత్రం రోజంతా కాపలా" అంది అత్తయ్య. నేను కొత్త కోడల్ని కాదు. నా తల సగం నెరిసింది. కోపమొస్తే ఆవిడకి నేను కొత్త కోడల్ని అయిపోతాను.

ఆ మధ్యాహ్నమే మా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు. నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదస్తుడు, మాట మెత్తన. తిట్టే మనిషైతే ఎదురు తిట్టొచ్చు.

"దొరికిందాండీ మీ దెయ్యం?" అన్నాడు.

"దొరికింది. చూసేలోపు పవర్ పోయింది."

"పవర్ పోయిందా?"

"ప్లగ్గు తీసేశారు."

ఆ పక్కన నవ్వు వినిపించింది. స్పీకర్లో పెట్టాడన్నమాట. "మీరు చూస్తే రాదు, మేం చూస్తే రాదు. వచ్చినప్పుడేమో ప్లగ్గు పోతుంది. సోమవారం మీటింగులో నేనేమని చెప్పనండీ? డిస్కుని అడిగే ముందు రెండు సెకన్లు ఆగేలా పెట్టేశాను. టెస్టింగులో ఒక్కసారి కూడా రాలేదు. క్లోజ్ చేసేద్దాం."

"ఎందుకొస్తోందో తెలియకుండా ఆగమంటే ఎలా? ఇవాళ రెండు సెకన్లు సరిపోతుంది. మిషన్ మీద పని ఎక్కువైన రోజు చాలదు."

"సోమవారంలోపు కారణం చూపించండి, మీదే పెడతా. లేకపోతే..." స్పీకర్ తీసేసినట్టున్నాడు, గొంతు దగ్గరగా వినిపించింది. "మీ మంచికే చెప్తున్నానండీ. పైన అనుకుంటున్నారు. మీకు ఇంట్లో బాధ్యతలున్నాయి. మాన్యువల్స్ రాసే టీమ్ అయితే మీకు హాయిగా ఉంటుంది. టెన్షన్ ఉండదు."

ఆ హాయి అంటే ఏమిటో నాకు తెలుసు. నాకంటే ముందు ఇద్దరు ఆడవాళ్లు ఆ టీమ్‌లోకి వెళ్లారు, ఒకామె రెండో కాన్పు తర్వాత, ఇంకొకామె వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చాక. ఇద్దరూ తిరిగి రాలేదు. ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఎలా పని చేస్తుందో వివరంగా రాస్తూ ఉండిపోయారు. నాకు ఈ ప్రపంచంలో నిజంగా వచ్చిన పని ఇదొక్కటే. కూర ఎవరైనా వండుతారు, పక్క ఎవరైనా మారుస్తారు. చీకట్లో రెండు యంత్రాలు మాట్లాడుకుంటూ ఎక్కడ మాట తప్పాయో వెతికి పట్టుకోవడం మాత్రం నాకు వచ్చు. అది కూడా తీసేస్తే నేను ఈ ఇంటి ఫర్నిచర్లో ఒక వస్తువునైపోతాను, బల్ల పక్కన ఇంకో బల్లలా.

మిషన్ మళ్లీ పెట్టాను. ఆగి, లేచి, ఆగి, లేస్తోంది. ఆ సాయంత్రమంతా బుద్ధిగానే లేచింది.

మర్నాడు శనివారం, వాళ్లమ్మని చూడటానికి వదిన వచ్చింది. ఆయనకి అక్క. ఈ లోకంలో ఆయన కాస్త జంకే మనిషి ఎవరైనా ఉంటే ఆవిడే. వదిన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఆయన లేచి సంచి అందుకున్నాడు. నేను వంటింట్లోకి కదలబోతే, "నువ్వు కూర్చో, నీ పని చూసుకో. టీ నేను పెడతా" అన్నాడు. పక్కింటికి వినపడేంత గట్టిగా. టీ పెట్టాడు. కప్పులు కడిగాడు. చక్కెర డబ్బా ఎక్కడుందని నన్ను అడగాల్సి వచ్చింది, అదీ నవ్వుతూనే అడిగాడు. వాళ్లమ్మకి అన్నం కలిపి స్పూన్‌తో పెట్టాడు. అత్తయ్య కూడా వేరే మనిషైపోయింది. "పాపం కోడలు నిద్ర లేకుండా చేస్తోందే" అని కూతురికి చెప్పింది.

వదిన నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా వాడు ఇంత పని చేస్తాడని నాకు తెలీదే. అదృష్టవంతురాలివమ్మాయ్" అంది.

నేను నవ్వాను. ఇది నాకు అలవాటే. చాలా ఏళ్ల క్రితం ఒకసారి తట్టుకోలేక మా అమ్మకి చెప్పుకున్నాను. అమ్మ వారం రోజులుండి చూసింది. ఆ వారమంతా ఆయన కూర తరిగాడు, నాకు మాత్రలు అందించాడు, 'అలిసిపోయావు, పడుకో' అన్నాడు. అమ్మ వెళ్తూ వెళ్తూ, "బంగారంలాంటి మనిషి. నీకే ఓపిక తక్కువ" అంది. బస్సు కదిలి ఇంటికొచ్చాక, "మీ అమ్మకి ఏం చెప్పావు?" అని మాత్రమే అడిగాడు ఆయన. ఆ తర్వాత చాలా రోజులు ఇంకేమీ మాట్లాడలేదు. నేను ఎవరికి చూపిద్దామన్నా ఆ తప్పు కనిపించదు. చూసే కళ్లుంటే అది రాదు. కొన్నాళ్లకి నాకే అనుమానం వచ్చేది, అసలు ఇది ఉందా, నేనే కల్పించుకుంటున్నానా అని. స్విచ్ వేయడం నాకు రాదేమో అని.

ఆయన కప్పులు కడుగుతున్న చప్పుడు వింటూ తెర వైపు చూస్తున్నాను. ఎందుకు రాదు? మనిషి మారిపోతాడా? మారడు. ఎదురుగా అక్క ఉంటే నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, అంతే. నా మీద విసురుగా రావాల్సిన మాట ఆ క్షణంలో గొంతులో ఆగి, మెత్తబడి బయటకొస్తుంది. చూసే కళ్లు తప్పుని బాగు చేయవు. కాస్త ఆలస్యం చేస్తాయి.

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ప్రింట్లు చేసేదీ అదే కదా. అవి దేన్నీ బాగు చేయట్లేదు, ఆలస్యం చేస్తున్నాయి. దేన్ని? మా డ్రైవర్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి డిస్కు జవాబు వినడానికి చెవిని సిద్ధం చేస్తుంది. రెండోది డిస్కుని ప్రశ్న అడుగుతుంది. నేను ప్రింట్లన్నీ పెట్టింది రెండోదాంట్లో. రాసుకుంటూ రాసుకుంటూ అది వెనకబడేది, ఆలోగా చెవి సిద్ధమైపోయేది. ప్రింట్లు లేకపోతే, ఎప్పుడో ఒకసారి, ప్రశ్నే ముందు వెళ్లిపోతోంది. పాత డిస్కులు నిదానంగా జవాబిచ్చేవి కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఈ కొత్తవి అడిగీ అడక్కముందే చెప్పేస్తున్నాయి. అప్పటికి వినే చెవి లేదు. డిస్కు చెప్పేశాననుకుని ఊరుకుంది. డ్రైవర్ అది ఇంకా చెప్పలేదని ఎదురుచూస్తోంది. ఇద్దరి మధ్యా నల్ల తెర.

నా ఊహ అంతవరకే. చూపించాలంటే మిషన్ మొరాయించాలి, నేను అక్కడ ఉండాలి, ఎవరూ ప్లగ్గు తీయకూడదు. వదిన ఉన్నంతసేపూ ఆ మూడోది జరగదని నాకు తెలుసు. అందుకే సిగ్గు లేకుండా కూర్చున్నాను. శనివారమంతా, ఆదివారం పొద్దునంతా కూర్చున్నాను. అత్తయ్య పిలిస్తే ఆయన లేచాడు. వంట ఆయనా వదినా చేశారు. నన్ను పిలిచి పళ్లెం చేతికిచ్చారు. అంత సుఖంలో నాకు ఏడుపొచ్చింది. ఇది ఇంత తేలికని, ఇన్నేళ్లూ ఆయనకి చేతకాక కాదని తెలిసిపోయింది కాబట్టి.

ఆదివారం భోజనాలయ్యాక తెర నల్లబడింది.

వైరు కలిపి లోపలికి చూశాను. జవాబు వచ్చి ఉంది. డిస్కు చెప్పాల్సిందంతా చెప్పి పెట్టింది, ఎవరూ తీసుకోని పాల ప్యాకెట్లా గుమ్మంలో పడి ఉంది. వినాల్సిన చెవి అది వచ్చిన తర్వాత తెరుచుకుంది. అంతా భద్రంగా దించుకుని, చెవి సిద్ధమైందని తెలిసేదాకా ప్రశ్న అడగకుండా డ్రైవర్ని మార్చాను. ఆ మార్పు పట్టుమని పది వరసలు కూడా లేదు. మిషన్ని మళ్లీ వదిలాను. ముందు ఆ మిషన్లు ఆన్ చేసే ఆమెకి రాశాను, 'తప్పు మీది కాదండీ, మాది' అని. తర్వాత లీడ్‌కి పంపాను.

సోమవారం మీటింగు అయ్యాక అతనే ఫోన్ చేశాడు. వదిన బల్ల అవతల కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాడు. అక్క సాయంత్రం బస్సుకి వెళ్తుంది కాబట్టి తొందరగా వచ్చేస్తానన్నాడు.

"అద్భుతంగా పట్టుకున్నారండీ. అందరూ మెచ్చుకున్నారు" అన్నాడు లీడ్. ఆ గొంతులోనే నాకు అర్థమైంది. "కానీ రెండు సెకన్లది ఆల్రెడీ టెస్టు అయిపోయింది కదా. ఈ రిలీజుకి అదే వెళ్తుంది. మీది తర్వాత చూద్దాం."

"కారణం చూపిస్తే నాదే పెడతానన్నారు."

"అన్నానండీ. నిజమే. కానీ ఇప్పుడు తప్పు రావట్లేదుగా. రాని తప్పుకి మళ్లీ కెలకడం ఎందుకన్నారు."

"మాన్యువల్స్ సంగతి?"

"అది పైన అయిపోయిందండీ. వచ్చే నెల నుంచి. వాళ్లు మీ గురించే ఆలోచించారు." కాస్త నీళ్లు నమిలాడు. "ఆ రెండు సెకన్ల మార్పు మీ పేరు మీదే పంపుదామనుకుంటున్నా. వారాల తరబడి కష్టపడింది మీరే కదా."

మా పనిలో మార్పు మీద ఎవరి పేరుంటే దాని మంచీ చెడ్డా వాళ్లవే. అది తిరగబెట్టిన రోజు అందరూ ఆ పేరే చూస్తారు.

"నా పేరు దాని మీద పెట్టకండి" అన్నాను.

"ఆలోచించుకోండి. మంచి పేరొస్తుంది."

"ఆలోచించాను."

ఫోన్ పెట్టేశాను. బల్ల మీద మిషన్ ఆగి, లేచి, ఆగి, లేస్తోంది. ఇక ఎప్పటికీ నల్లబడదు. దాన్ని పట్టించుకునేవాళ్లు ఎవరూ లేరు. నాకు కోపం రాలేదు, రానందుకే భయం వేసింది. ఇంట్లో మాట పడి పడి కోపం వచ్చే చోటు మొద్దుబారిపోయినట్టుంది. సాయంత్రానికి వదిన వెళ్లిపోతుంది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతాడు. తర్వాత తలుపేసి, రెండు రోజులు చేసిన పనంతటికీ నా దగ్గర వసూలు మొదలుపెడతాడు. ఆ తలంపుతో నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఇంకో నాలుగు రోజులుండండి వదినా."

వదిన ఈనె తీస్తూనే ఉంది. "అమ్మ కోసమా?"

ఏమడుగుతున్నానో నాకు తెలుసు. లీడ్ పెట్టిన రెండు సెకన్లకీ నేనడిగే నాలుగు రోజులకీ తేడా లేదు.

"నేనుంటే వాడు కప్పులు కడుగుతాడు" అంది వదిన తలెత్తకుండా. "చక్కెర డబ్బా ఎక్కడుందో తెలియనివాడు రోజూ టీ పెడతాడంటే నమ్మడానికి నేనేమన్నా చిన్నపిల్లనా? వచ్చిన పూటే అర్థమైంది."

"మరి అదృష్టవంతురాలివన్నారు."

"వాడు వింటున్నాడు కదే. విని ఇంకో పూట చేస్తాడని అన్నాను." ఆవిడ చేతులు ఆగాయి. "పోయినేడాది మీరిద్దరూ మా ఇంటికొచ్చారు, గుర్తుందా? మా ఆయన, మీ అన్నయ్య, నాకు కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చో, నువ్వెందుకు నిలబడ్డం అని."

గుర్తుంది. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ కుర్చీలోనే ఉంది, అన్నయ్యే వడ్డించాడు. దారిలో మా ఆయన్ని ఆ మాటతోనే ఎత్తిపొడిచాను. అంతకుముందు వదినతోనూ అన్నాను, అందరూ వినేలా.

"నువ్వేమన్నావో చెప్పనా? మీరు పెట్టి పుట్టారు వదినా అన్నావు. అప్పుడు నీకు చెప్దామనే నోరు తెరిచాను. నీ మొహం చూసి ఊరుకున్నా. నువ్వు నమ్మేట్టు లేవు." గిన్నె ముందుకి జరిపింది. "మీరటు వెళ్లాక, ఆ కుర్చీలో నేను ఎంతసేపు కూర్చున్నానో గంటా నిమిషాలతో సహా లెక్క చెప్పాడు. అంతసేపూ నన్ను నిలబెట్టాడు, గోడ దగ్గర. ఈ వయసులో." చెయ్యి తుడుచుకుంది, తడి లేకపోయినా. "ఇక్కడ నేనుంటే నీకు బాగుంటుంది, నిజమే. అక్కడ నాకెవరున్నారే?"

గదిలోంచి అత్తయ్య పిలిచింది. ఇద్దరిలో ఎవరినో తెలియలేదు. ఇద్దరం లేవలేదు.

నా బుర్ర అలవాటు ప్రకారం దారులు వెతకడం మొదలుపెట్టింది. నేను అక్కడికి వెళ్తే? తిరిగొచ్చాక ఇక్కడ నా దగ్గర వసూలు. ఆవిడ ఇక్కడుంటే? ఎన్నాళ్లు? వెళ్లిన రోజున ఈ నాలుగు రోజులకీ కూడా ఆవిడే లెక్క చెప్పుకోవాలి. ఎటు తిప్పినా ఒక ఇంట్లో చూసే మనిషి ఉండదు. పట్టుమని పది వరసల్లో సరిచేసేది కాదు ఇది.

సాక్ష్యం ఏదని నేను వదినని అడగలేదు. అన్నయ్య అలాంటి మనిషి కాదే అని నోటిదాకా వచ్చిన మాటని, నా నోట్లోంచే రాబోయిన ఆ మాటని, మింగేశాను.

"నేను నమ్ముతున్నాను వదినా" అన్నాను.

ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. నాకెవరైనా ఆ మాట అని ఉంటే నేనూ అలాగే చూసేదాన్నేమో. తర్వాత ఈనెలన్నీ కాగితంలో పోగేసి, చుట్టి, లేచి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.

సాయంత్రం ఆయన అన్న టైముకే వచ్చాడు, పళ్లు పట్టుకొచ్చాడు, అక్క సంచి బస్టాండు దాకా తనే మోశాడు. నేనూ వెళ్లాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని వదిన ఒకసారి నా చెయ్యి నొక్కింది. నమ్మే మనిషి ఒకతి ఉందన్న ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఆ ఇంటికే వెళ్లింది.